కుళాయి నీళ్లలో సీసం ఉందా? ఇంటి గోడ దగ్గర మొదలుపెట్టి తేల్చుకోవడం ఎలా

ఫ్లింట్ అనే అమెరికా నగరం గురించి, ఇంటి పైపులు తనిఖీ చేయడం గురించి చూపించే వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లోకి అప్పుడప్పుడూ వచ్చి పోతుంటుంది. 2014లో అక్కడ తాగునీటి వనరును మార్చారు. నీళ్లు పైపులను తినేయకుండా కాపాడే రసాయనం కలపలేదు. పాత గొట్టాల్లోంచి సీసం నీళ్లలోకి దిగింది. ఆ వీడియో చూసినవారు వెంటనే తమ వంటింటి కుళాయి వంక అనుమానంగా చూస్తారు. అనుమానం మంచిదే. కానీ అందులో చూపించే తనిఖీని ఉన్నదున్నట్టు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చేస్తే సగం శ్రమ వృథా. అక్కడ వీధి పైపు నుంచి ఇంట్లోకి వచ్చే గొట్టమే చాలా ఊళ్లలో సీసంతో చేసినది. 1986లో చట్టం అడ్డుకునేవరకూ అలాంటివి వేశారు. మన దగ్గర అలాంటిది కనబడటం అరుదు. మన ఇళ్లలో సీసం దాక్కునే చోట్లు వేరు, నీళ్లు వచ్చే తీరూ వేరు. అక్కడ పైపు నిండా ఇరవైనాలుగు గంటలూ నీళ్లుంటాయి. ఇక్కడ కుళాయి వదిలిన కాసేపట్లోనే సంపు నింపుకోవాలి, బిందెలు పట్టుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. సీసానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీళ్లు తేటగా ఉన్నాయంటే సీసం లేదని కాదు. ఎర్రగా వచ్చాయంటే ఉందనీ కాదు, అది చాలావరకు ఇనుప తుప్పు. ఫిల్టర్లు అమ్మేవారు ఇంటికొచ్చి గ్లాసులో ముంచి చూపించే టీడీఎస్ మీటరు ఈ విషయంలో ఎందుకూ పనికిరాదు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి లీటరుకు వందల మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది. సీసానికి మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంత చిన్న మొత్తం ఆ మీటరు కంటికి ఆనదు. టీడీఎస్ 80 చూపించే నీళ్లలో సీసం హద్దు దాటి ఉండవచ్చు, 600 చూపించే బోరు నీళ్లలో అసలే లేకపోవచ్చు.

మొదట కాగితం మీద దారి గీయండి

ఒక తెల్ల కాగితం తీసుకుని మీ ఇంటి నీళ్ల దారి గీయండి. వీధి పైపు నుంచి మీ గేటు దాకా ఏ గొట్టం వచ్చింది? అక్కడి నుంచి సంపుకా, నేరుగా వాకిట్లోని కుళాయికా? మోటారు ఎక్కడుంది, మేడ మీది ట్యాంకుకు ఏ పైపు ఎక్కుతోంది, ట్యాంకు నుంచి వంటింటికి ఏది దిగుతోంది? మీరు తాగేది ఏ కుళాయి నీళ్లు? చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. చాలా ఇళ్లలో తాగే నీళ్లు వాకిట్లో మున్సిపల్ కుళాయి దగ్గర బిందెతో పట్టుకుంటారు, వంటకు మాత్రం ట్యాంకు నీళ్లు వాడతారు. అన్నం, పప్పు, చారు అన్నిటిలోకీ వెళ్లేవి ఆ ట్యాంకు నీళ్లే కాబట్టి రెండు దారులనూ లెక్కలోకి తీసుకోవాలి.

గీసిన ప్రతి ముక్క పక్కనా అది ఏ కాలం నాటిదో రాయండి. విజయనగరం కోట చుట్టుపక్కల పాత వీధుల్లో, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు పాత పేటల్లో మూడు తరాల నాటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో కుళాయి కనెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో, తర్వాత ఎప్పుడైనా గొట్టాలు మార్చారో పెద్దవారిని అడగండి. తెలియకపోతే వీధిలో ఎక్కువ కాలంగా పనిచేస్తున్న ప్లంబరుకు తెలుస్తుంది. ఇల్లు పాతదైనా పైపులు కొత్తవి అయి ఉండవచ్చు, అలాగే మేడ కొత్తగా లేచినా గేటు దగ్గరి ముక్క తాతల నాటిదే మిగిలి ఉండవచ్చు. ఎక్కువగా మరిచిపోయేది ఆ గేటు దగ్గరి ముక్కనే.

అయస్కాంతం, నాణెం, కాగితం

ఇప్పుడు కనబడే ప్రతి లోహపు గొట్టాన్నీ చూడండి. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతమైనా చాలు. అది గట్టిగా అతుక్కుంటే అది ఇనుము, అంటే మనవాళ్లు జీఐ అనే పైపు. అతుక్కోకపోతే రంగు పూత ఉన్నచోట నాణెం అంచుతో కొద్దిగా గీరండి. సీసమైతే నాణెం సులువుగా దిగుతుంది, లోపల వెండిలా మెరుస్తుంది, కొద్ది రోజుల్లోనే మళ్లీ మసకబారుతుంది. గీరిన చోట తెల్ల కాగితం రుద్దితే పెన్సిల్ గీతలాంటి బూడిద రంగు మరక పడుతుంది. ఎర్రగా మెరిస్తే రాగి, పసుపుగా మెరిస్తే ఇత్తడి. గోటితో కొడితే బోలు శబ్దం వచ్చి, తేలికగా ఉంటే ప్లాస్టిక్.

సముద్రం ఒడ్డు ఊళ్లవారికి ఈ లోహం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. విసురు వల అంచుకు కట్టే గుళ్లు అదే. చేతిలో పెట్టుకుంటే పరిమాణానికి మించిన బరువు, పంటితో నొక్కినా సొట్టపడేంత మెత్తదనం. పంటితో మాత్రం నొక్కకండి.

సీసపు గొట్టానికి ఇంకో గుర్తు వంపు. ఇనుప పైపు తిరగాలంటే ఎల్బో కావాలి, సీసం మాత్రం తనంతట తానే వంగి తిరుగుతుంది. అతుకు దగ్గర గుడ్డు మింగిన పాము మెడలా ఉబ్బి ఉంటుంది. వీధి పైపుకు తొలిచి బిగించే ఫెర్రూల్ నుంచి ఇంటి గొట్టానికి కలిపే చిన్న వంపు ముక్క ఒకటుంటుంది. పాత కాలంలో దాన్ని రాగి, ఇత్తడి, సీసం వీటిలో దేనితోనైనా చేసేవారు. మన ప్రాంతంలో అసలైన సీసపు గొట్టం ఎక్కడైనా మిగిలి ఉంటే అది ఈ ముక్కే కావచ్చు. కానీ అది రోడ్డు కింద ఉంటుంది. దానికోసం మీరు తవ్వకండి. మున్సిపాలిటీ వారు ఏ లీకేజీకో తవ్వినప్పుడు పక్కన నిలబడి చూడండి, ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.

వీధిలోని పాత పోత ఇనుప పైపుల అతుకుల్లో జనుము కుక్కి, కరిగించిన సీసం పోసి బిగించడం ఒకప్పుడు మామూలు పద్ధతి. పాత ఫిట్టర్లను అడిగితే సీసం జాయింట్ అని ఇప్పటికీ చెబుతారు. దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. నీటికి సీసానికి మధ్య జనుము అడ్డుంటుంది, తగిలే చోటు చాలా చిన్నది.

గీరాక చేతులు సబ్బుతో కడుక్కోండి. రంపం, ఉప్పు కాగితం, గ్రైండరు వాడకండి. ఆ పొడి నీళ్లకన్నా ప్రమాదం.

మన ఇళ్లలో అసలు అనుమానితులు

సీసపు గొట్టం దొరకలేదని ఇక్కడే ఆపేస్తే ముఖ్యమైనది వదిలేసినట్టే. మన ఇళ్లలో సీసం ఎక్కువగా మూడు చోట్ల ఉంటుంది.

ఇత్తడి కుళాయి మొదటిది. పైన మెరిసే పూత చూసి స్టీలు అనుకుంటాం గానీ లోపల చాలావరకు ఇత్తడే. లేతు మీద సులువుగా తెగడానికి ఇత్తడిలో కొద్ది శాతం సీసం కలుపుతారు. రాత్రంతా ఆ కుళాయి కడుపులో నిలిచిన నీళ్లే మీరు పొద్దున్నే కాఫీ గిన్నెలోకి పట్టేవి. వాల్వులు, యూనియన్లు, మీటరు పెట్టెలు కూడా ఇత్తడివే. పేరూ ఊరూ లేని చౌక కుళాయిలో ఎంత సీసం ఉందో అమ్మినవాడికీ తెలియదు.

రెండోది పీవీసీ. ఇక్కడ చాలామంది నమ్మరు, ప్లాస్టిక్‌లో సీసమేమిటని అడుగుతారు. పైపు తయారీలో వేడికి పీవీసీ మాడిపోకుండా ఉండటానికి సీసపు లవణాలు కలపడం మన దేశంలో చాలా ఏళ్లు సాగింది. పైపు కొత్తగా ఉన్నప్పుడు లోపలి ఉపరితలం నుంచి సీసం ఎక్కువగా దిగుతుంది, వాడేకొద్దీ తగ్గుతుంది. ఈ వాడకాన్ని కట్టడి చేస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నిబంధనలు తెచ్చింది. అంటే అంతకుముందు వేసిన పైపులకు ఆ భరోసా లేదు. పైపు మీద అచ్చు చదవండి. తాగునీటి పీవీసీకి ఐఎస్ 4985, వేడినీళ్లకూ తట్టుకునే సీపీవీసీకి ఐఎస్ 15778 అన్న అంకెలు, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. మురుగు కోసం చేసిన పైపును మిగిలిపోయిందని ట్యాంకుకు బిగించిన ఇళ్లు ఉన్నాయి, అలాంటిది కనబడితే మార్చేయండి. మేడ మీద ఎండకు పెళుసెక్కి, చేత్తో తడిమితే తెల్లటి పొడి అంటుకునే పైపు కూడా తీసేయాల్సిందే.

మూడోది సఫేదా. జీఐ పైపు మరలకు దారం చుట్టి, దానిమీద తెల్లటి ముద్ద రాసి బిగించేవారు. పాతకాలపు సఫేదా అంటే సీసపు తెలుపే. ఇప్పుడు టెఫ్లాన్ టేపు వచ్చింది. కొత్త పని చేయించేటప్పుడు ప్లంబరుకు ముందే చెప్పండి, తాగునీటి లైనుకు టేపే చుట్టమని. కొంచెం గొణుగుతాడు, అయినా చుడతాడు.

పల్లెల్లో బోరింగుల మాట. ఇండియా మార్క్ 2 చేతి పంపు సిలిండరు లోపలి పూత ఇత్తడి. రాత్రంతా వాడని బోరింగు దగ్గర మొదటి బిందె తాగడానికి కాక అంట్లకో మొక్కలకో వాడితే చాలు.

నీళ్లు పట్టే పద్ధతి

కళ్లతో చూసింది అనుమానం వరకే. తేల్చేది ల్యాబు. ల్యాబు ఎంత మంచిదైనా నీళ్లు పట్టడం తప్పితే ఫలితం తప్పుతుంది, ఈ పని మీ చేతిలోనే ఉంది.

ముందుగా ల్యాబు నుంచి సీసాలు తెచ్చుకోండి. లోహాల పరీక్షకు శుభ్రం చేసిన లీటరు ప్లాస్టిక్ సీసాలు వారే ఇస్తారు. కూల్‌డ్రింకు సీసా కడిగి తీసుకెళ్లకండి. కొన్నిటిలో అడుగున కాస్త ఆమ్లం వేసి ఇస్తారు, దాన్ని పారబోయకూడదు, చేతికి తగలనివ్వకూడదు.

మొదటి సీసా వంటింటి కుళాయిది. కనీసం ఆరు గంటలు ఆ లైనులో నీళ్లు కదలకూడదు. మన ఇళ్లలో ఇదే కష్టం. తెల్లవారకముందే లేచి కల్లాపి చల్లే అమ్మమ్మ ఉంటుంది, అర్ధరాత్రి బాత్రూములో ఫ్లష్ లాగేవారుంటారు. అదే ట్యాంకు, అదే పైపు అయితే నీళ్లు కదిలిపోయినట్టే. ముందురోజు రాత్రే రెండు బకెట్లు నింపి పెట్టి, పొద్దున్న సీసా పట్టేదాకా ఏ కుళాయీ తిప్పవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. ఉదయం కుళాయి మామూలుగా తిప్పి మొదటి చుక్క నుంచే సీసా నింపండి. కుళాయి మూతికి జాలీ ఉంటే తీయకండి, రోజూ ఎలా వాడతారో అలాగే పట్టాలి. ధార సన్నగా పెడితే సీసం తక్కువ కనిపించి ఫలితం మిమ్మల్ని మోసం చేస్తుంది.

రెండో సీసా అదే కుళాయి నుంచి, ఐదు నిమిషాలు నీళ్లు వదిలాక. వదిలిన నీళ్లు బకెట్లోకి పట్టుకుంటే బట్టలకు పనికొస్తాయి.

మూడో సీసా మున్సిపల్ కుళాయి దగ్గర. ఇక్కడ మనది ప్రత్యేకమైన పరిస్థితి. కుళాయి రాని గంటల్లో పైపు సగం ఖాళీగా ఉంటుంది, గాలి చేరుతుంది, లోపలి పొక్కులు ఎండుతాయి. నీళ్లు వదలగానే ఆ పొక్కులు విరిగి మొదటి ధారతో వస్తాయి. కాబట్టి బుసబుసమని గాలి వచ్చి నీళ్లు మొదలైన వెంటనే మూడో సీసా, ధార తేటపడి కొంతసేపు పోయాక నాలుగో సీసా పట్టండి. ఆ మూడో సీసా మట్టిగా వచ్చిందని పారబోసి మళ్లీ పట్టకండి. ఆ మట్టిలో ఏముందో తెలుసుకోవడానికే కదా ఈ పని.

ప్రతి సీసా మీద ఏ కుళాయి, ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి వాడలేదు అన్నది రాయండి. నాలుగూ పరీక్ష చేయించే వీలు లేకపోతే తాగే కుళాయి మొదటి సీసా ఒక్కటే చేయించండి. అది బాగున్నా వెనక పైపుల్లో సీసం లేదని పూర్తిగా తేలినట్టు కాదు, వీలైనప్పుడు మిగతావీ చేయించండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లా స్థాయిలో నీటి పరీక్ష కేంద్రాలు ఉన్నాయి, జల్ జీవన్ మిషన్ కింద మామూలు జనం కూడా నమూనాలు ఇవ్వవచ్చు. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటును గానీ, పట్టణంలోనైతే వార్డు సౌకర్యాల కార్యదర్శిని గానీ అడిగితే దారి చెబుతారు. వెళ్లే ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: సీసం పరీక్ష చేస్తారా? మామూలు నీటి పరీక్ష అంటే పీహెచ్, గట్టిదనం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, సూక్ష్మజీవులు. ఊళ్లలో వాడే చిన్న పరీక్ష పెట్టెలోనూ ఇవే ఉంటాయి, సీసం ఉండదు. నీళ్లు బాగున్నాయని కాగితం తెచ్చుకుని, అందులో సీసం మాటే లేదని గమనించనివారు చాలామంది. సీసానికి వేరే యంత్రం కావాలి. ఇక్కడ కుదరకపోతే విశాఖపట్నంలో ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు ఇవ్వండి. ఆ గుర్తింపు నీటిలో సీసం పరీక్షకు కూడా వర్తిస్తుందో లేదో అడగండి. వీధిలో నాలుగైదు ఇళ్లవారు కలిసి పంపిస్తే బస్సు ఖర్చయినా కలిసొస్తుంది.

ఆన్‌లైనులో దొరికే రంగు మారే కాగితాల మీద డబ్బు తగలేయకండి. ఇంత తక్కువ మోతాదు దగ్గర వాటిని నమ్మలేం.

కాగితం చదవడం

ఫలితం మిల్లీగ్రాముల్లో ఉంటే 0.01తో, మైక్రోగ్రాముల్లో గానీ పీపీబీ (వంద కోట్లలో ఎన్ని వంతులు) అని గానీ ఉంటే 10తో పోల్చండి. రెండూ ఒకటే. మన ప్రమాణం ఈ హద్దుకు ఏ సడలింపూ ఇవ్వలేదు. బీడీఎల్ అని రాసి ఉంటే యంత్రం పట్టగలిగిన కనీస మోతాదుకన్నా తక్కువ ఉందని అర్థం. ఆ కనీస మోతాదు ఎంతో చూడండి. అది 0.05 అయితే ఆ బీడీఎల్ మీకేమీ చెప్పలేదు.

మొదటి సీసాలో ఎక్కువ, రెండో దానిలో తక్కువ వస్తే దోషం కుళాయిది, లేదా దాని వెనక ఉన్న మూర పైపుది. ఉదాహరణకు 0.018, తర్వాత 0.003 అంటే కుళాయి, దాని వెనక ముక్క మార్చితే చాలావరకు పని అయిపోతుంది. మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ అయితే సీసం ఇంకా వెనక, పొడుగు పైపులో ఉంది. ట్యాంకు నీళ్లలో ఉండి మున్సిపల్ కుళాయిలో లేకపోతే సంపు, మోటారు, ట్యాంకు పైపుల్లో వెతకాలి. మున్సిపల్ కుళాయిలో తేటపడ్డాక కూడా హద్దు దాటి ఉంటే అది మీ ఒక్కరి సమస్య కాదు. కాగితం నకలు జతచేసి మున్సిపాలిటీకి అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి, పక్కింటివారికీ చూపించండి.

పీహెచ్ కూడా అదే కాగితంలో అడిగి రాయించుకోండి. 6.5 కన్నా తక్కువ ఉన్న నీళ్లు లోహాన్ని తింటాయి. సముద్ర తీరపు బోర్లలో ఉప్పదనం కూడా ఇత్తడినీ ఇనుమునూ తొందరగా తినేస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలామందికి వచ్చే కిడ్నీ జబ్బు గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. సీసం ఎక్కువకాలం ఒంట్లోకి వెళితే మూత్రపిండాలకు హాని నిజమే. కానీ ఉద్దానం జబ్బుకు కారణం ఇదేనని తేలలేదు. ఎవరైనా ఆ భయం చూపించి మీకు ఫిల్టరు అంటగట్టబోతే తలుపు వేసుకోండి. ఒక్క విషయం మాత్రం అక్కడివారు గుర్తుంచుకోవాలి: బోరు నీళ్ల నుంచి వంశధార నీళ్లకు మారిన ఊళ్లలో ఇంటి పైపులు పాతవే. నీటి స్వభావం మారితే పైపు లోపల ఏళ్లుగా పేరుకున్న పొర కదులుతుంది. కొత్త నీళ్లు చెడ్డవని కాదు, వనరు మారాక ఒకసారి పరీక్ష చేయించడం మంచిదని. ఫ్లింట్‌లో జరిగిన దానికి మూలం వనరు మార్చి, పైపులను కాపాడే రసాయనం కలపకపోవడమే.

ఈలోగా ఏం చేయాలి

సీసం హద్దు దాటి ఉంటే నీళ్లు మరిగించడం మందు కాదు. నీరు ఆవిరై సీసం మిగులుతుంది, చిక్కబడుతుంది. పటిక, క్యాండిల్ ఫిల్టరు, బట్టతో వడకట్టడం కూడా కరిగిన సీసాన్ని ఆపవు. ఆర్వో ఆపుతుంది, పొరలు వేళకు మార్చితేనే. వీధిలో అమ్మే ఇరవై లీటర్ల క్యాన్లు కొంటున్నట్టయితే ఆ ప్లాంటువారిని నీటి పరీక్ష కాగితం అడగండి, అందులోనూ సీసం ఉందా అని చూడండి.

వంటకు చల్లటి నీళ్లే పట్టండి. గీజరు నీళ్లు లోహాన్ని ఎక్కువగా కరిగిస్తాయి, తొందరగా మరుగుతాయని వాటితో టీ పెట్టకండి. పొద్దున్నే మొదటి బకెట్ తుడవడానికి వాడి, తర్వాతి నీళ్లు తాగడానికి పట్టండి. కుళాయి మూతి జాలీలో చేరే నలుసులు అప్పుడప్పుడూ విప్పి కడగండి. ఇంట్లో చంటిపిల్లకు పాలపొడి కలుపుతుంటే, లేదా గర్భిణి ఉంటే, ఫలితం వచ్చేదాకా వేచి చూడకుండా వారికి వేరే నీళ్లు వాడండి. ఎదిగే మెదడుకు సీసం ఏ మోతాదులోనూ మంచిది కాదు, అయినా పిల్లలు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. నీళ్లలో ఎక్కువ వచ్చిందని తేలితే కాగితం పిల్లల వైద్యుడికి చూపించి, రక్తంలో సీసం పరీక్ష అవసరమా అని అడగండి.

నీళ్లలో ఏమీ తేలకపోయినా ఇంట్లో మరికొన్ని చూడాల్సినవి ఉన్నాయి. ఇన్వర్టరు బ్యాటరీలోనూ సీసం ఉంటుంది, అది సంపు పక్కన ఉంటే దూరం జరపండి. హుద్‌హుద్, తిత్లీ తుపాన్ల తర్వాత మన వైపు చాలా ఇళ్లలోకి ఇన్వర్టరు వచ్చి చేరింది, చోటు చూసుకుని పెట్టినవారు తక్కువ. వల గుళ్లు పోసే సీసం వంటింటి గిన్నెలో కరిగించకూడదు, పిల్లలున్న చోట అసలే కూడదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేటప్పుడు అసలు తగరమే వాడుతున్నారా అని అడగండి, చౌక కోసం సీసం కలిపేవారున్నారు. బుడితి ఇత్తడి సామాను అందానికి నాకూ ఇష్టమే, కానీ కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు చారు కాచడం వేరే సంగతి.

కుళాయి గానీ పైపు గానీ మార్చాక ఆ రోజే పరీక్షకు పరుగెత్తకండి. పని చేసినప్పుడు కదిలిన నలుసులు, కొత్త సామాను నుంచి దిగేది కలిసి ఎక్కువ చూపిస్తాయి. జాలీలు విప్పి, అన్ని కుళాయిలూ బాగా వదిలి, కొన్ని వారాలు వాడాక అదే కుళాయి దగ్గర, అదే పద్ధతిలో మొదటి సీసా మళ్లీ పట్టండి. రెండు కాగితాలూ ఇంటి పన్ను రసీదులతో పాటు దాచండి. ఇల్లు అద్దెకిచ్చినా అమ్మినా వచ్చేవారికి పనికొస్తాయి.